ఒక పేజీలో, మీ సొంత మాటల్లో

కోర్టు మెట్లు ఎక్కి దిగినవాళ్ళకి కారు ఇన్సూరెన్సు ఇప్పించే కొట్టు మాది. ఇంగ్లండులో హల్ ఊళ్ళో, హెజిల్ రోడ్డు మీద, చిప్స్ కొట్టుకీ చెప్పుల కొట్టుకీ మధ్య. పద్దెనిమిదేళ్ళుగా ఆ కౌంటరు వెనక కూర్చుని అవే ప్రశ్నలు అడుగుతున్నాను. పేరు, పుట్టిన తేదీ, ఏ బండి, ఎక్కడ నిలబెడతారు, ఏ పనికి వాడతారు, గడిచిన ఐదేళ్ళలో శిక్ష ఏదైనా పడిందా. తాగి నడిపినవాడైనా, బారులో సీసా పగలగొట్టి ఎదుటివాడి చెంపలో దింపినవాడైనా, ఆ చివరి ప్రశ్న దగ్గర కిటికీలోంచి బస్సుల వంక చూస్తాడు.

మాక్సీన్ స్టాథర్స్ చూడలేదు.

"పడింది తల్లీ. మా ఆయన మోకాలి మీంచి కారు పోనిచ్చాను," అంది, కాడ్ చేప ఎంత అని అడిగినంత మామూలుగా. "ఆ నేరానికేవో కోడు అక్షరాలుంటాయి కదా, రాసుకో."

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. వెడల్పు భుజాలు. ఎడమ కనుబొమ్మ మధ్యలో వేలు మందాన వెంట్రుకలు లేని గీత. చేతులు మాత్రం చల్లటి నీళ్ళలో నలభై ఏళ్ళు నానినట్టు ఎర్రగా, బరకగా ఉన్నాయి. నిజంగా నానినవే. పదహారో ఏట చేపలు కోసే షెడ్డులో చేరింది. చేరిన వారానికే పక్క బల్ల దగ్గరి పిల్ల, "మీ అమ్మ దవడ ఎటు తిరిగుంటుందే, ఉత్తరానికా దక్షిణానికా," అని నవ్వితే, ఆ పిల్ల చొక్కా చేతిని కత్తితో బల్లకి దిగ్గొట్టేసింది. చర్మానికి తగల్లేదు. కావాలనే తగలనివ్వలేదంటుంది.

ఆమెకి ఇప్పుడు కావలసింది ఒకటే. బండి నడపకూడదన్న రెండేళ్ళ నిషేధం పూర్తయింది. కోర్టు చెప్పినట్టు మళ్ళీ డ్రైవింగు పరీక్షకి కూర్చుని, గంటకి పైగా సాగే ఆ పెద్ద పరీక్ష నెగ్గింది. తూర్పు పల్లెల్లో ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, లేపి, కడిగి, మందులిచ్చి, టీ పెట్టి వచ్చే పని దొరికింది. తొమ్మిది ఇళ్ళు, నలభై మైళ్ళు, బస్సు లేదు. సోమవారం ఉదయం ఆరున్నరకి మొదటి ఇల్లు. శుక్రవారం సాయంత్రంలోగా ఇన్సూరెన్సు కాగితం చూపించకపోతే ఆ తొమ్మిది ఇళ్ళూ ఇంకొకరికి ఇచ్చేస్తారు.

కంపెనీలన్నీ ఆ అక్షరాలు చూడగానే తలుపు మూసేశాయి. ఒక్క చోట మాత్రం ఇంకా మనిషి చదివి నిర్ణయిస్తాడు. లీడ్స్‌లో ఉంటాడాయన. ఫోన్లో దగ్గు తప్ప ఆయన గురించి నాకేమీ తెలియదు. ఇలాంటి కేసుల్లో ఆయన అడిగేవి రెండే: బండి ఫోటోలు, అసలేం జరిగిందో ఒక పేజీలో, సొంత మాటల్లో.

బుధవారం మాక్సీన్ ఆ పేజీ తెచ్చి ఇచ్చింది. మధ్యలో ఒక వాక్యం ఉంది. "నేను చూసుకోలేదు, తప్పు నాదే."

పంపాను. గంటలో ఫోనొచ్చింది.

"మనిషి మోకాలు చూసుకోకుండా ఎలా ఎక్కుతుందమ్మా," అన్నాడు లీడ్స్ ఆయన, దగ్గుతూ. "ఇదే మాట కోర్టు కాగితాల్లోనూ ఉంది. తప్పు ఎవరిదని నేను అడగలేదు. ఏం జరిగిందని అడిగాను. ఈ మనిషికి బండి ఇస్తే రేపు ఇంకోడి మీదకి ఎక్కించదని నాకెలా తెలుస్తుంది? శుక్రవారం ఐదింటిదాకా చూస్తాను."

అదే మాక్సీన్‌కి చెప్పాను. ఆవిడ గొడుగు దులుపుకుంది.

"మా వీధిలో ఒకళ్ళ మీద ఒకళ్ళం చెప్పుకోం తల్లీ," అంది. "ఆయనెంత కుక్క అయినా సరే. కోర్టులోనే చెప్పలేదు. దగ్గే వాడెవడికో చెబుతానా?"

నాకు తెలిసినదంతా అడ్డం తిరిగి, ముక్కలుగా, ఫారాల మధ్య వచ్చినదే. మాక్సీన్ నాన్న లెన్, ఐస్‌లాండ్ దగ్గరి సముద్రంలో చేపల వేట. మూడు వారాలు నీళ్ళ మీద, మూడు రోజులు ఇంట్లో. మొదటి రోజు వీధికంతా మందు పోయించేవాడు. రెండో రోజు పిల్లలకి బొమ్మలు. మూడో రోజు నడుము బెల్టు. ఒకసారి మాంసం ఉప్పెక్కిందని బొగ్గుల పారతో భార్య దవడ విరగ్గొట్టాడు. ఆవిడ ఆస్పత్రిలో తలుపు తగిలిందని చెప్పింది. ఆ వీధిలో తలుపులు అన్ని ఇళ్ళలోనూ చాలామందికి తగిలేవి.

పెద్దయ్యాక మాక్సీన్ పరంజాలు కట్టే షేన్ గెల్డర్‌ని కట్టుకుంది. ఇనప గొట్టాలు ఒంటి చేత్తో పైకి విసిరే మనిషి. ఆ చెయ్యి ఇంటికొచ్చాక ఏం చేసేదో ఆవిడ చెప్పేది కాదు. పక్కటెముకలు ఎన్నిసార్లు విరిగితే అలా వంగి కూర్చుంటారో నాకు కొట్టులో కూర్చునే తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం కొట్టుకి తాళం వేసి నేనే బండి ఫోటోలు తియ్యడానికి వెళ్ళాను. కారు, మాక్సీన్ ఇప్పుడుంటున్న వాళ్ళ అమ్మ ఇంటి వెనక, పదడుగుల సందులోకి తెరుచుకునే గ్యారేజీలో ఉంది. ఎర్రటి పాత చిన్న కారు. మాక్సీన్ దాన్ని అద్దంలా తుడిచి పెట్టింది. నది మీంచి గాలి సందులో పడి డబ్బాల మూతల్ని గోడకేసి కొడుతోంది.

వాళ్ళమ్మ మ్యూరియల్ ఎనభై ఒకటో ఏట కూడా నిటారుగా ఉంది. దవడ మాత్రం ఒకవైపుకి కాస్త తిరిగి ఉంటుంది. పాటీలనే బంగాళాదుంప వడలూ చిప్సూ ఉన్న పొట్లం విప్పి, వాటి మీద ఎర్ర మసాలా జల్లి, గ్యారేజీ గుమ్మంలో స్టూలేసుకుని కూర్చుంది.

"తినవే ఇన్సూరెన్సు పిల్లా. ముందు కడుపు, తర్వాతే ఫోటోలు," అంది నాతో. "ఇది ఇంకా ఆ కాగితం రాయలేదా?"

"రాయలేదండీ."

"రాయదు. రాయకూడదు. ఇంట్లో సంగతి గుమ్మం దాటిందంటే అది ఇల్లు కాదు, మార్కెట్టు."

"మరి సోమవారం నేను పనికి బయల్దేరాలి కదమ్మా," అంది మాక్సీన్, బానెట్ తుడుస్తూ.

"బయల్దేరితే బయల్దేరు. నేను గుమ్మంలోకి రాను, చెయ్యి ఊపను. ముందే చెబుతున్నా."

"ఓడ కాదమ్మా. కారు."

"సాగనంపడం సాగనంపడమే. మా అమ్మ ఊపలేదు, నేను ఊపలేదు. చెయ్యి ఊపితే వెళ్ళినవాడు తిరిగి రాడు. మనిషి ఓడెక్కే రోజున ఈ వీధిలో ఎవరూ బట్టలు కూడా ఉతికేవాళ్ళు కాదు. ఉతికితే మనిషి నీళ్ళలో కొట్టుకుపోతాడు."

నేను నాలుగు వైపులా ఫోటోలు తీశాను. నంబరు ప్లేటు తీస్తూ వంగితే సందులోంచి అడుగుల చప్పుడు వినిపించింది. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు.

షేన్. అరవై ఏళ్ళ మనిషి, ఎడమ కాలు మోకాలి దగ్గర కర్రలా బిగుసుకుపోయింది. చేతిలో పొట్టి పిడి, బరువైన తల ఉన్న సుత్తి. పొద్దున్నుంచి తాగినవాడి కళ్ళు.

"ఏమే, మళ్ళీ నడుపుతావంట. క్లబ్బులో చెప్పారు," అన్నాడు. "ఈసారి ఎవరి కాలు కావాలి నీకు?"

"నీ రెండోది ఇంకా మిగిలే ఉందిగా," అంది మాక్సీన్.

మొదటి దెబ్బ ముందు అద్దానికి పడింది. అద్దం విరగలేదు, తెల్లగా పూసింది. రెండో దెబ్బకి లోపలికి కుంగింది. దీపం, బానెట్, పక్క అద్దం. కొట్టే ప్రతి దెబ్బకీ ఒక తిట్టు. మ్యూరియల్ స్టూలు మీంచి లేవలేదు, చిప్స్ పొట్లం మాత్రం ఒడిలో గట్టిగా పట్టుకుంది. నేను ఫోనులో పోలీసుల నంబరు నొక్కుతున్నాను. సందు పేరు చెప్పాను. సందులో ఇటూ అటూ వెనక గేట్లు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. గడియలు పడిన చప్పుడు వరసగా వినిపించింది.

మాక్సీన్ చేతిలోకి చక్రాలు విప్పే ఇనప పానా వచ్చింది. గోడకి వేలాడుతుంటే తీసుకుంది. ఎలా తీసుకుందో నేను చూశాను. చేపలు కోసేవాళ్ళు కత్తి పట్టినట్టు, మణికట్టు వదులుగా, మొన కిందకి. షేన్ మెడ ఆవిడకి మూరెడు దూరంలో ఉంది. అతను వంగి దీపం పగలగొడుతున్నాడు. వెనక చూసుకోవడం లేదు.

ఆ ఒక్క దెబ్బతో అంతా అయిపోయేది. అతని మెడ, ఆవిడ తొమ్మిది ఇళ్ళు, ఆవిడ మిగతా బతుకు.

పానా నేలమీద పడింది. మాక్సీన్ కారు తలుపు తీసి, డ్రైవరు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టింది, పరీక్షలో పెట్టినట్టు, గడియారం మీద పదికీ రెండుకీ. షేన్ ఒక్క క్షణం ఆగాడు. ఆగింది ఆ ఒక్క క్షణమే. తలుపు కిటికీ అద్దం ఆవిడ మొహం మీదకి పేలింది. తలుపు లోపలికి సొట్టపడి ఆవిడ తుంటికి తగిలింది. చెంప మీద రక్తం సన్నగా కారి గడ్డం దగ్గర చుక్క కట్టింది. ఆవిడ చేతులు స్టీరింగు వదలలేదు. సుత్తి లేచినప్పుడల్లా కళ్ళు మూసుకుంటోంది, దిగాక తెరుస్తోంది. ముందుకి, రోడ్డు ఉండే వైపు చూస్తోంది. అక్కడ ఉన్నది గ్యారేజీ గోడ.

షేన్ పగిలిన అద్దంలోంచి చెయ్యి లోపలికి పెట్టి ఆవిడ జుట్టు అందుకున్నాడు. తల తలుపు చట్రానికి కొట్టుకుంది. ఒకసారి. రెండోసారి. అప్పుడు నేను ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. స్టూలు నా చేతిలో ఉంది, షేన్ బాగున్న మోకాలు నేలని తాకింది, మ్యూరియల్ నిలబడి ఉంది. సైరను వినిపించింది.

ఇద్దరు పోలీసులొచ్చారు. మగ కానిస్టేబులు షేన్‌ని గోడకి ఆనించి చేతులకి బేడీలు వేశాడు. ఆడ కానిస్టేబులు, బహుశా ముప్ఫై ఏళ్ళుంటాయి, పుస్తకం తీసి సందంతా చూసింది.

"ఎవరు చూశారు?"

గేట్లు మూసే ఉన్నాయి. ఒక పిల్లి గోడ మీంచి అవతలికి దూకింది.

"నేను చూశాను," అన్నాను.

"ఈవిడ ఇన్సూరెన్సుది. ఊరిది కాదు," అన్నాడు షేన్, గోడకి చెంప ఆనించి నవ్వుతూ. "అమ్మడూ, నా మీదేం రాస్తావు? కోర్టుని అడుగు. నా మీద కారెక్కించింది ఇది. తనే ఒప్పుకుంది. నా కాలు చూడు. కారు నాకు బాకీ."

ఆడ కానిస్టేబులు మాక్సీన్ దగ్గర వంగింది. మాక్సీన్ ఇంకా సీట్లోనే ఉంది. ఒడి నిండా అద్దం పలుకులు.

"అమ్మా, ఇంతకుముందెప్పుడైనా చెయ్యి చేసుకున్నాడా?"

మాక్సీన్ ఆ పలుకుల్ని ఉత్త వేళ్ళతో ఏరడం మొదలుపెట్టింది. షేన్ నవ్వు పెద్దదయింది. ఆ జవాబు ఎప్పుడూ రాదని అతనికి ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. నాకూ అర్థమైంది. ఇంకో నిమిషంలో "తలుపు తగిలింది" అనే మాట వస్తుంది. అది వస్తే లీడ్స్ ఆయన పేజీ ఖాళీగానే ఉండిపోతుంది.

"నేను ఒకసారి బట్టలుతికాను," అంది మ్యూరియల్.

అందరం ఆవిడ వంక చూశాం.

"పంతొమ్మిది వందల డెబ్భై రెండులో. ఈ దవడ కట్టు ఇంకా విప్పలేదు. లెన్ ఓడెక్కే రోజు. పొద్దున్నే లేచి దుప్పట్లు, చొక్కాలు, వాడి లోపలి బట్టలు, ఉన్నవన్నీ ఉతికి ఇదే సందులో ఈ చివర్నుంచి ఆ చివరికి ఆరేశాను. వాడు మునగాలని. వీధంతా చూసింది. ఎందుకు ఆరేశానో వీధంతటికీ తెలుసు. ఒక్కరంటే ఒక్కరు నోరు తెరవలేదు. దుప్పట్ల కిందనుంచి వంగి దాటి వెళ్ళారు."

"అమ్మా," అంది మాక్సీన్. ఆవిడకి ఆ సంగతి తెలియదని మొహం చూస్తే తెలిసింది.

"మునిగాడా అండీ?" అని అడిగింది కానిస్టేబులు, రాయడం ఆపి.

"మునగడమా. మూడు వారాలకి చంకలో పెద్ద హాలిబట్ చేప పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. మూడో రోజు బెల్టు తీశాడు." మ్యూరియల్ ఒళ్ళోంచి పడిన చిప్స్ చూసుకుంది. "నాకు చేతనైంది అది ఒక్కటే. ఉతకడం. నోటితో చెప్పడం చేతకాలేదు. చెప్పవే. నా వంక చూడకుండా చెప్పు."

మాక్సీన్ గోడ వంకే చూస్తూ, ఆ మోకాలి రోజు సంగతి చెప్పింది. ఎంత చదునైన గొంతంటే కానిస్టేబులు రెండుసార్లు "కాస్త ఆగండి" అనాల్సొచ్చింది. క్లబ్బు దగ్గర, ఆదివారం, బింగో ఆట అయ్యాక. ఎవరితోనో నవ్విందని షేన్ అన్నాడు. తను కారులో కూర్చుని ఇంజను వేసింది. అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి జుట్టు చుట్టుకుని తల తలుపు చట్రానికి కొట్టాడు, ఇప్పుడు కొట్టినట్టే. కనుబొమ్మ పగిలింది. కళ్ళలోకి రక్తం వచ్చింది. అతను వదలలేదు. కాలు దేని మీద పడిందో తెలియదు. బండి వెనక్కి పోయింది. అతని చెయ్యి సీటు బెల్టులో చిక్కుకుంది, మనిషి కింద పడ్డాడు, ముందు చక్రం ఎక్కింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. క్లబ్బు మెట్ల మీద పదకొండు మంది ఉన్నారు.

"మరి కోర్టులో?"

"కొట్టాడా అని లాయరు అడిగితే లేదన్నాను. కనుబొమ్మ ఏమైందంటే తలుపు తగిలిందన్నాను. అది నిజమే కదా, తలుపే తగిలింది. తప్పు ఒప్పుకుంటే ఎవరూ ఇంకేమీ అడగరన్నారు. అడగలేదు."

"చక్రం ఎక్కించాలని అనుకున్నారా?"

మాక్సీన్ గడ్డం మీది రక్తం తుడుచుకుంది.

"అప్పుడు అనుకోలేదు. ఇందాక పానా పట్టుకున్నప్పుడు అనుకున్నాను. కింద పెట్టేశాను. అదీ రాసుకో."

షేన్ నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. బండెక్కిస్తుంటే, "మ్యూరియల్, నువ్వు కూడానా," అన్నాడు ఒక్కసారి, నిజంగా నొచ్చుకున్నట్టు. ఆవిడ స్టూలు సరిచేసుకుంటోంది.

సందులో ఒక గేటు కొంచెం తెరుచుకుంది. పక్కింటి ముసలాయన తల బయటపెట్టి, "క్లబ్బు మెట్ల మీద నేనున్నాను," అని కానిస్టేబులుతో అన్నాడు. "నాది ఎవరైనా రాసుకుంటే చెబుతాను."

నాలుగు దాటింది. వంటింటి బల్ల మీద నేను అదే మాట, మాక్సీన్ చెప్పిన వరసలోనే, కాగితం మీద పెట్టాను. ఆవిడ వేళ్ళనిండా కట్లు, రాయలేదు. ప్రతి వాక్యం చదివి వినిపించాను. "దురదృష్టవశాత్తూ" అని నేనొకచోట పెడితే, "ఆ మాట నాది కాదు, తీసెయ్," అంది. తీసేశాను. కింద సంతకం వంకరగా చేసింది. ఐదుకి ఏడు నిమిషాలుండగా లీడ్స్‌కి పంపాను. పగలని కారు ఫోటోలు నాలుగు, పగిలిన కారు ఫోటో ఒకటి, పోలీసు ఫిర్యాదు నంబరు, ఆ పేజీ. ఆ సాయంత్రం జవాబు రాలేదు. పనిచ్చినవాళ్ళకి చూపించడానికి కాగితం లేదు. ఉదయపు తొమ్మిది ఇళ్ళూ ఇంకొకరికి వెళ్ళిపోయాయి.

శనివారం పక్కింటి ముసలాయనే తుక్కు బళ్ళ దొడ్డి నుంచి తలుపూ దీపమూ తెచ్చి బిగించాడు. తలుపు తెల్లది, కారు ఎర్రది. ముందు అద్దం వేసేవాళ్ళు ఆదివారం వచ్చారు.

సోమవారం పదిన్నరకి ఫోను. ముందు దగ్గు.

"ఈ పేజీ మొదటే ఇచ్చి ఉంటే బాగుండేది," అన్నాడు లీడ్స్ ఆయన. "ఇస్తున్నాను. ధర బాగా ఎక్కువే, అది నా చేతిలో లేదు. మధ్యాహ్నం నుంచి నడపొచ్చు." కొంచెం ఆగి, "పానా కింద పెట్టాను అన్న వాక్యం ఉంది చూడండి. దాని మీదే ఇచ్చాను," అన్నాడు.

పనిచ్చినవాళ్ళకి కాగితం పంపితే, ఉదయపు ఇళ్ళు పోయాయి గానీ సాయంత్రం టీ వేళ ఆరు ఇళ్ళున్నాయి, మూడున్నరకి మొదలవ్వాలన్నారు. నేను కాగితం పట్టుకుని వెళ్ళాను. మాక్సీన్ చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, తెల్ల తలుపు తీసి కూర్చుంది. చెంప మీద కుట్లు నల్లగా ఉన్నాయి. చేతులు పదికీ రెండుకీ పెట్టి, అద్దం సరిచేసుకుని, మెల్లగా సందులోకి తీసింది.

మ్యూరియల్ గుమ్మంలోకి రాలేదు. వంటింట్లో, కిటికీకి వీపు పెట్టి, రెండు చేతులూ ఏప్రాన్ జేబుల్లో దోపుకుని నిలబడింది. సోమవారం ఆ వీధికంతటికీ ఉతికే రోజు. అటూ ఇటూ పెరళ్ళలో దుప్పట్లు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. మ్యూరియల్ వంటింట్లో బుట్టనిండా విడిచిన బట్టలు, పైన మాక్సీన్ రక్తపు చొక్కాతో సహా, అలాగే ఉన్నాయి.

"నానబెట్టమంటారా?" అని అడిగాను.

"ముట్టుకోకు," అంది. "అది ఇంటికొచ్చాక."